రబ్బరు గొట్టములు, గ్యాస్కెట్లు: దేనికి ఏ చమురు రాయవలెను?

ఇంట పాడిపశువు ఉన్నచో దాని మేత, నీరు, జబ్బులను గురించి రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. కాని ఇంటిముందు నిలిచియున్న ఇంజను బండి విషయములో అట్టి తెలివిడి ఇంకను మనకు అలవడలేదు. నేడు పల్లెలలో ట్రాక్టరు, చిన్న సరకుబండి, కారు, నూనె ఇంజను ఏదో ఒకటి లేని వీధి అరుదు. ప్రతి చిన్న మరమ్మతునకును పట్టణమునకు పరుగెత్తుట సాధ్యము కాదు. కావున రేడియేటరు గొట్టము మార్చుట, ఆయిల్ ఫిల్టరు బిగించుట, నీటిపంపు గ్యాస్కెట్టు వేయుట వంటి పనులను చాలమంది ఇంటివద్దనే చేసికొనుచున్నారు. ఇది మెచ్చదగినదే.

అయితే ఈ పనులన్నిటిలోను ఒక చిన్న ప్రశ్న ఎదురగును. కొత్త గొట్టము బిగువుగా ఉండి ఎక్కదు. కొత్త రింగు తన గాడిలో కూర్చొనదు. అపుడు ఏమి రాసి ఎక్కించవలెను? చేతికి అందినది గ్రీజు డబ్బా అయిన గ్రీజు, ఇంజను ఆయిలు అయిన ఇంజను ఆయిలు రాసి పని కానిచ్చుట మనలో చాలమందికి వాడుక. ఈ వాడుక వలన ఎంత నష్టము కలుగునో తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఒక రైతు అనుభవము

విశాఖపట్నమునకు ఉత్తరమున ఆనందపురము, పద్మనాభము, భీమునిపట్నము ప్రాంతముల రైతులు కూరగాయలు పండించి, తెల్లవారకముందే బండ్లకు ఎత్తి నగరములోని రైతు బజారులకు చేర్చుదురు. 1999లో రైతు బజారులు ఏర్పడిన నాటినుండి ఈ ప్రాంతమువారికి అది ఒక మంచి ఆదరువు. అట్టి రైతు ఒకరు నాకు పరిచితులు. ఆయనకు ఒక చిన్న సరకుబండి కలదు. దాని రేడియేటరు పైగొట్టము పాతబడి పగుళ్ళు చూపగా, కొత్తది కొని తెచ్చి స్వయముగా మార్చుకొన్నారు. గొట్టము బిగువుగా ఉన్నందున లోపలివైపు గ్రీజు బాగుగా పూసి ఎక్కించి, క్లిప్పు బిగించినారు. రెండు దినములు బండి చక్కగా నడిచినది.

మూడవనాటి తెల్లవారుజామున వంకాయలు, బెండకాయలు, ఆకుకూరలతో బండి నగరమునకు పోవుచుండగా గొట్టము ఊడినది. ఆవిరి లేచినది. నీరంతయు రోడ్డు పాలయినది. బజారు వేళ దాటిపోవునను ఆత్రుతతో ఆయన గొట్టమును మరల తోసి, ఉన్న కొద్దిపాటి త్రాగునీరు పోసి, బండిని ఇంకను కొంతదూరము నడిపినారు. ఇంజను విపరీతముగా వేడెక్కి, హెడ్డు వంగి, హెడ్డు గ్యాస్కెట్టు కాలిపోయినది. కూరగాయలు మధ్యాహ్నమునకు వాడిపోయినవి. ఆ కోతలో మిగులవలసిన సొమ్ము మరమ్మతునకే సరిపోలేదు.

నేను పలకరింపబోయినపుడు ఆయన అడిగిన మాట ఇది: "గ్రీజు రాస్తే మంచిదని మీరే కదా బాబూ చెప్పినారు?" నిజమే. సముద్రపు గాలికి నాగలి బోల్టులు, క్లిప్పుల మరలు తుప్పుపట్టకుండ గ్రీజు రాయుమని ఒక సభలో నేను చెప్పియుంటిని. ఇనుమునకు చెప్పిన మాట రబ్బరునకు చెల్లదని ఆనాడు చెప్పనైతిని. సగము చెప్పిన సలహా ఎట్టి నష్టము తెచ్చునో నాకు తెలిసివచ్చినది. ఆ మిగిలిన సగమును ఇచట వ్రాయుచున్నాను.

ఉప్పుగాలి, ఇనుము, చమురు

విశాఖపట్నము రేవు 1933లో ఓడలకు తెరువబడినది. 1957లో ఇచట చమురుశుద్ధి కర్మాగారము పని ప్రారంభించినది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమయినది. ఇట్లు ఇనుము, చమురు, ఉప్పుగాలి మూడును ఒకచోట చేరిన ప్రాంతము మనది. ఉప్పుగాలి ఇనుమును తినివేయును. చమురు ఆ ఇనుమును కాపాడును. కాని ఆ చమురే రబ్బరును తినివేయగలదు. ఈ మూడింటి సంబంధము గ్రహించినవారికి మరమ్మతు పనిలో సగము తెలిసినట్లే.

ముడిచమురు నుండియే పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, ఇంజను ఆయిలు తయారగును. మామూలు గ్రీజు అనగా ఇట్టి ఖనిజపు నూనెను ఒక విధమైన సబ్బుతో చిక్కబరచినదే. కావున వీటన్నిటిది ఒకే కుటుంబము. రసాయన శాస్త్రము ప్రకారము ఇవి ఉదజని, బొగ్గు అణువులు కూడిన పదార్థములు. చెట్టుపాల నుండి వచ్చు సహజ రబ్బరు కూడ అట్టిదే. సజాతి పదార్థములు ఒకదానిలో ఒకటి సులభముగా కలియును. నీటిలో బెల్లము కరగును, నూనెలో కరగదు. నూనెలో నేయి కలియును, నీటిలో కలియదు. అట్లే ఖనిజపు నూనె రబ్బరులోనికి మెల్లగా ఇంకి, దానిని ఉబ్బించి, మెత్తబరచి, బలము లేకుండ చేయును. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకముతో రబ్బరును గట్టిపరచు పద్ధతి కనిపెట్టినందున రబ్బరు నూనెలో పూర్తిగా కరగకుండ నిలిచినది గాని, ఉబ్బుట మాత్రము మానలేదు.

రబ్బరు అంతయు ఒకటి కాదు

అంగడిలో నల్లగా కనిపించు రబ్బరు అంతయు ఒకే జాతి కాదు. వరిలో ఎన్ని రకములు కలవో రబ్బరులో కూడ అన్ని రకములు కలవు. మన బండ్లలో ముఖ్యముగా నాలుగు జాతులను చూచెదము.

మొదటిది సహజ రబ్బరు. సాగు గుణము దీనికి ఎక్కువ. ఖనిజపు నూనెకు, డీజిలుకు తట్టుకొనలేదు.

రెండవది ఇ.పి.డి.ఎం. అను రబ్బరు. 1960 దశకము నుండి వాడుకలో విస్తరించినది. ఎండకు, వేడికి, నీటికి, రేడియేటరులో పోయు కూలెంటుకు బాగుగా ఓర్చును. నేటి రేడియేటరు గొట్టములు చాలవరకు ఈ జాతివే. కాని నూనె, గ్రీజు, డీజిలు తగిలిన ఇదియు ఉబ్బి మెత్తబడును.

మూడవది నైట్రైలు రబ్బరు. 1930 దశకమున జర్మనీ దేశమున కనుగొనబడినది. దీని నిర్మాణములో నత్రజనితో కూడిన భాగము ఉండుటచే నూనె దీనిలోనికి సులభముగా చొరలేదు. డీజిలు గొట్టములకు, ఆయిల్ సీళ్ళకు, హైడ్రాలిక్ రింగులకు దీనిని వాడుదురు.

నాలుగవది సిలికోను రబ్బరు. అధిక వేడికి తట్టుకొనును. సిలికోను గ్రీజు మిగిలిన రబ్బరులన్నిటికి దాదాపుగా హాని చేయదు. కాని సజాతి గనుక ఈ ఒక్క సిలికోను రబ్బరునకు మాత్రము దానిని రాయరాదు.

కంటితో చూచి జాతి చెప్పుట కష్టము. కావున ఒక సులభమైన సూత్రము జ్ఞాపకముంచుకొనుడు: ఏ రబ్బరు ఏ ద్రవమును మోయుటకై చేయబడినదో ఆ ద్రవమే దానికి మేలైన పూత. నీటిగొట్టమునకు నీరు, డీజిలు గొట్టమునకు డీజిలు, ఆయిలు రింగునకు ఆయిలు, బ్రేకు రబ్బరునకు బ్రేకు ఆయిలు. ఈ ఒక్క సూత్రము పాటించినచో నూటికి తొంబది తప్పులు జరుగవు.

ఇంటివద్ద చేసి చూడదగిన పరీక్ష

వినుటకంటె చూచుట మేలు. మూడు గాజు సీసాలు తీసికొని ఒకదానిలో నీరు, రెండవదానిలో ఆముదము, మూడవదానిలో డీజిలు కొద్దిగా పోయుడు. కాగితపు కట్టలకు చుట్టు రబ్బరు బ్యాండ్లు ఒకే కొలతవి మూడు తీసికొని, వాటి పొడవును కాగితముపై గీచి గుర్తించి, ఒక్కొక్కదానిలో ఒకటి వేసి, మూత పెట్టి ఒక రాత్రి ఉంచుడు. మరునాడు తీసి, తుడిచి కొలువుడు. నీటిలోనిది, ఆముదములోనిది ఇంచుమించు వేసినట్లే ఉండును. డీజిలులోనిది లావెక్కి, పొడవు పెరిగి, లాగిన సులభముగా తెగును. ఈ పరీక్షను పిల్లలకు, పొరుగువారికి కూడ చూపుడు. సీసాలను పొయ్యికి, దీపమునకు దూరముగా ఉంచుట మరువకుడు.

ఆముదములో రబ్బరు చెడకుండుటకు కారణము కలదు. ఆముదములోని ముఖ్యమైన ఆమ్లమునకు ఇతర నూనెలలో లేని ఒక అదనపు అంగము ఉండుటచే అది పెట్రోలులో కలియదు, సహజ రబ్బరులోనికి చొరదు. అందుచేతనే మొదటి ప్రపంచయుద్ధ కాలపు విమానముల ఇంజనులలో ఆముదము వాడిరి. 1909లో వెలువడిన క్యాస్ట్రాల్ అను ఇంజను ఆయిలునకు ఆ పేరు ఆముదమునకు గల ఇంగ్లీషు పేరునుండి వచ్చినదే. తొలినాటి బ్రేకు ఆయిలులో కూడ ఆముదము ముఖ్యమైన భాగముగా ఉండెడిది. మన చేలలో పండు పంటకు ఇంతటి చరిత్ర కలదు. అయితే ఆముదము వేడికి జిగురుగా మారును. కావున వేడెక్కు భాగములకు దానిని రాయవద్దు. నేటి బండ్ల బ్రేకులలో పోయనే వద్దు.

నీటి గొట్టములు

రేడియేటరు గొట్టమునకు పూయు పదార్థము రెండు పనులు చేయవలెను. ఎక్కించునపుడు జారవలెను; ఎక్కిన పిమ్మట ఆరిపోయి, జారుడు లేకుండ పోవలెను. నీరు, కూలెంటు ఈ రెండు పనులను చేయును. గ్రీజు మొదటి పని మాత్రమే చేసి, అచటనే నిలిచిపోవును. ఇంజను వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగినపుడు, గ్రీజు మీద నిలిచిన గొట్టము మెల్లగా వెనుకకు జారును. దానికి తోడు గ్రీజు తగిలిన చివరి భాగము మెత్తబడి క్లిప్పు పట్టు సడలును. పైన చెప్పిన రైతు బండిలో జరిగినది ఇదియే.

గొట్టము మార్చు పద్ధతి ఇట్లుండవలెను:

ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే రేడియేటరు మూత తీయవలెను. వేడిమీద మూత తీసిన, ఒత్తిడిలో ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరియై ముఖము, చేతులు కాల్చివేయును.

కూలెంటును వెడల్పైన పాత్రలోనికి దింపుకొనవలెను. నేలపై పోయరాదు.

పాత గొట్టము అంటుకొనియున్నచో పెద్ద స్క్రూడ్రైవరు దూర్చి బలవంతముగా పెకలించరాదు. రేడియేటరు మూతి పలుచని లోహముతోనో ప్లాస్టిక్కుతోనో చేయబడును. విరిగిన మొత్తము రేడియేటరు మార్చవలసివచ్చును. గొట్టమును పొడవుగా కత్తితో చీల్చి, ఒలిచి తీయుట క్షేమము. కత్తి గాటు మూతిపై పడకుండ చూచుకొనవలెను.

మూతిపైనున్న తుప్పు, పాత రబ్బరు పొరలను సన్నని గరుకు కాగితముతో రుద్ది, తుడిచి శుభ్రపరచవలెను. మన తీరప్రాంతమున ఈ పని మానరాదు. తుప్పు పొరమీద ఎంత బిగించినను నీరు కారుచునే ఉండును.

కొత్త గొట్టము చివరను వేడినీటిలో రెండు మూడు నిమిషములు ముంచిన మెత్తబడి సులభముగా ఎక్కును. పిమ్మట మూతికి నీరుగాని కూలెంటుగాని తడిచేసి, కొద్దిగా త్రిప్పుచు నెట్టవలెను. అప్పటికిని ఎక్కనిచో ఒక గ్లాసు నీటిలో రెండు చుక్కలు గిన్నెలు తోము సబ్బు ద్రవము కలిపి తడిచేయవచ్చును. సబ్బు ఎక్కువైన రేడియేటరులో నురుగు లేచును.

మూతి చుట్టును ఉబ్బెత్తుగా ఒక గట్టు ఉండును. క్లిప్పు ఆ గట్టునకు వెనుక, గొట్టము చివరకు కొద్దిగా ఇవతల కూర్చొనవలెను. గట్టుమీదనే బిగించిన జారిపోవును. రబ్బరు కోసుకొనిపోవునంత బిగింపు కూడదు. బండిని ఒకసారి వేడెక్కించి, చల్లారిన తరువాత క్లిప్పును మరల సరిచూడవలెను. గ్రీజును క్లిప్పు మరకు మాత్రము, బయటివైపున, కొద్దిగా రాయవచ్చును. గ్రీజునకు అదే తగిన చోటు.

డీజిలు గొట్టములు

డీజిలు గొట్టము చివరను డీజిలుతో తడిపి ఎక్కించవలెను. ఇచట తరచు జరుగు పొరపాటు వేరొకటి కలదు. తగిన గొట్టము దొరకనపుడు నీటి గొట్టపు ముక్కను డీజిలుకు అమర్చుదురు. అది కొలదికాలములోనే ఉబ్బి, లోపలి పొర ఊడి, ముక్కలు ఫిల్టరులో చిక్కుకొనును. చిరిగిన, డీజిలు వేడి ఇంజనుపై పడి మంట లేచు ప్రమాదము కలదు. డీజిలు కొరకు చేసిన గొట్టమును మాత్రమే అడిగి కొనవలెను.

గ్యాస్కెట్లు

రెండు లోహపు ముఖముల నడుమ కంటికి కనిపించని మిట్టపల్లములను పూడ్చి, నూనె, నీరు, వాయువు బయటికి పోకుండ ఆపునది గ్యాస్కెట్టు. అది పనిచేయుట నొక్కుడు వలన. పూత వలన కాదు. ఈ మాట మరచినవారే గ్యాస్కెట్టును గ్రీజులో ముంచి తీయుదురు.

కాగితపు గ్యాస్కెట్టు: నీటిపంపు వంటి చోట్ల వాడునది. బిగించునపుడు కదలకుండుటకు, మరల విప్పునపుడు చిరగకుండుటకు పలుచగా గ్రీజు చేయి తుడిచినట్లు రాయుట పాత మేస్త్రీల అలవాటు. కాగితమునకు దీనివలన హాని లేదు. కాని ఆ చోట రబ్బరు రింగు ఉన్నచో గ్రీజు పనికిరాదు.

కార్కు గ్యాస్కెట్టు: వాల్వు మూతకు, ఆయిలు తొట్టికి వాడునది. దీనికి నూనె, గ్రీజు రాయరాదు. బోల్టు బిగించుచుండగా అది జారి బయటికి పొడుచుకొని వచ్చును. పొడిగా, శుభ్రమైన ముఖములపై కూర్చుండబెట్టవలెను. కదలకుండ ఉంచవలసినచో మూత వైపు మాత్రము గ్యాస్కెట్టు బంక పలుచగా పూయవచ్చును. అతిగా బిగించిన కార్కు నలిగి చీలును.

హెడ్డు గ్యాస్కెట్టు: తయారుచేసినవారు వేరుగా చెప్పిననేగాని దీనికి ఏ పూతయు వలదు. రెండు ముఖములను నూనె జిడ్డు లేకుండ తుడిచి, పొడిగా పెట్టవలెను. హెడ్డు బోల్టులను నడుమ నుండి చివరలకు, పుస్తకములో చెప్పిన వరుసలో, రెండు మూడు విడతలుగా, కొలత చూపు స్పానరుతో బిగించవలెను. బోల్టు మరకు నూనె రాయవలెనా వలదా అనునది కూడ ఆ పుస్తకము ప్రకారమే చేయవలెను. ఏలనన, నూనె రాసిన మరలో రాపిడి తగ్గి, స్పానరు మీద అదే కొలత చూపినను బోల్టు ఎక్కువగా సాగును. అడుగు మూసిన బోల్టు రంధ్రములో నూనె, నీరు నిలిచియున్నచో బోల్టు దిగునపుడు ఆ ద్రవము నలిగిపోలేక బ్లాకునే పగులగొట్టగలదు. కావున రంధ్రములను గుడ్డతో, గాలితో శుభ్రపరచవలెను. ఈ పని అలవాటు లేనివారు అనుభవజ్ఞుడైన మేస్త్రీకి అప్పగించుటయే మేలు.

పొగగొట్టపు గ్యాస్కెట్టు: దీనికి నూనె, గ్రీజు తగులరాదు. వేడికి కాలి పొగ లేచును.

ట్యూబులలో వచ్చు సిలికోను బంకను గురించి ఒక మాట. ఎక్కువ పూసిన ఎక్కువ మేలని తలంచరాదు. లోపలికి పిండబడిన బంక ముక్కలు ఊడి, నూనె పోవు జల్లెడను, నీటి దారులను మూసివేయును. సన్నని గీతవలె వేసి, ట్యూబుమీద చెప్పిన సమయము ఆరనిచ్చిన చాలును.

ఫిల్టర్లు, రింగులు, సీళ్ళు

ఆయిల్ ఫిల్టరు మార్చునపుడు దాని రబ్బరు రింగునకు శుభ్రమైన ఇంజను ఆయిలును వేలితో పలుచగా రాయవలెను. పొడిగా బిగించిన రింగు మెలిపడి నూనె కారును. తరువాత విప్పుటకును రాదు. పాత రింగు ఇంజనుకే అంటుకొని ఉన్నదేమో చూచి తీయవలెను. రెండు రింగులు ఒకదానిపై ఒకటి పడిన, ఇంజను నూనె నిమిషములలో బయటపడును. రింగు ఆనిన తరువాత చేతితో సుమారు ముప్పాతిక చుట్టు బిగించిన సాధారణముగా చాలును. డీజిలు ఫిల్టరు రింగునకు డీజిలు రాయవలెను.

తిరుగు ఇరుసుపై కూర్చొను ఆయిల్ సీలు అంచునకు అది ఆపవలసిన నూనెనే రాయవలెను. పొడిగా ఎక్కించిన సీలు, ఇంజను నడిచిన మొదటి నిమిషములోనే అంచు కాలి, కొత్తదయ్యును కారనారంభించును.

ట్రాక్టరు హైడ్రాలిక్ రింగులకు హైడ్రాలిక్ ఆయిలునే వాడవలెను. ఈ గొట్టములలో ఒత్తిడి చాల ఎక్కువ. సూదిమొనంత రంధ్రము నుండి వచ్చు నూనె చర్మమును చీల్చి లోనికి చొరబడగలదు. అట్టి గాయము చిన్నదిగా కనిపించినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. కారు చోటును చేతితో తడిమి వెదకరాదు. అట్టముక్కను అడ్డుపెట్టి చూడవలెను.

పొలములోని ప్లాస్టిక్కు నీటిగొట్టములను రబ్బరు రింగులతో కలుపునపుడు కూడ సబ్బునీరు వాడవలెను. గ్రీజు, పాత ఇంజను ఆయిలు వాడిన రింగులు చెడి, భూమిలో కప్పిన తరువాత కారును. దానిని కనుగొనుటకు చేను త్రవ్వవలసివచ్చును.

బ్రేకులు: ఇచట పొరపాటు చేయరాదు

ఇంతవరకు చెప్పిన తప్పుల వలన డబ్బు నష్టము. బ్రేకుల విషయములో తప్పు చేసిన ప్రాణనష్టము. బ్రేకు సిలిండరులోని రబ్బరు బుడ్లు బ్రేకు ఆయిలునకు తగినట్లు చేయబడినవి. చాలబండ్లలోని బ్రేకు ఆయిలు పేరుకు ఆయిలే గాని ఖనిజపు నూనె కాదు. గ్లైకాల్ జాతి ద్రవము. దానిలో ఇంజను ఆయిలుగాని, డీజిలుగాని కలిసిన రబ్బరులు ఉబ్బి, సిలిండరులో ఇరుక్కొనిపోవును. మొదట బ్రేకులు పట్టి వదలవు, పిమ్మట అసలు పట్టవు. పొరపాటున కలిసినచో ద్రవమును మార్చిన చాలదు. ఆ దారిలోని రబ్బరు భాగములన్నియు మార్చి, గొట్టములు కడిగించవలెను. అంతవరకు బండి కదపరాదు.

బ్రేకు రబ్బరులను అమర్చునపుడు కొత్త బ్రేకు ఆయిలుతో తడుపవలెను. లేదా బ్రేకు రబ్బరుల కొరకే అమ్ము గ్రీజు వాడవలెను. పెట్రోలుతో, డీజిలుతో కడుగరాదు. బ్రేకు ఆయిలు రంగును కూడ తినివేయును గనుక బండిపై చిందిన వెంటనే నీటితో కడుగవలెను.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. ఉప్పువలెనే దీనికిని ఆ గుణము కలదు. డాట్ 3 రకము కొత్తగా ఉన్నపుడు కనీసము 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరుగరాదు. తేమ పీల్చిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలే. డాట్ 4 రకమునకు ఈ హద్దులు 230, 155 డిగ్రీలు. అరకు ఘాటురోడ్డు దిగునపుడు బ్రేకులు మిక్కిలి వేడెక్కును. తేమ పట్టిన ద్రవము మరిగి ఆవిరి బుడగలైన, పెడలు నేలకు దిగిపోవునే గాని బండి ఆగదు. కావున మూత తీసి నెలల తరబడి ఉంచిన డబ్బాలోనిది వాడరాదు. బండి పుస్తకములో చెప్పిన రకమునే, చెప్పిన గడువునకు మార్చవలెను. సాధారణముగా రెండేండ్లు గడువు.

పశువులకు, నీటికి హాని కలుగనీయకుడు

కూలెంటులో ఉండు ఎథిలీను గ్లైకాలు తియ్యగా ఉండును. అది విషము. పశువులశాల దగ్గర పాత్రలో నిలువ ఉంచిన దూడలు, కుక్కలు నాకి చనిపోవచ్చును. పసిపిల్లలకు కూడ అంతే ప్రమాదము. దింపిన కూలెంటును వెంటనే మూతగల డబ్బాలో పోసి, పేరు వ్రాసి, అందనిచోట ఉంచవలెను. చిందిన చోట పుష్కలముగా నీరు పోసి కడుగవలెను. పాత ఇంజను ఆయిలును కాలువలో, బావిగట్టున, పొలములో పారబోయరాదు. పాత నూనె సేకరించువారికి ఇచ్చుట మంచిది.

జ్ఞాపకముంచుకొనవలసిన సంగతులు

రేడియేటరు గొట్టము: నీరు, కూలెంటు, లేదా పలుచని సబ్బునీరు. గ్రీజు వద్దు.
డీజిలు గొట్టము, డీజిలు ఫిల్టరు రింగు: డీజిలు.
ఆయిల్ ఫిల్టరు రింగు, ఇంజను ఆయిల్ సీలు: శుభ్రమైన ఇంజను ఆయిలు.
హైడ్రాలిక్ రింగులు: హైడ్రాలిక్ ఆయిలు.
బ్రేకు రబ్బరులు: కొత్త బ్రేకు ఆయిలు, లేదా వాటికై చేసిన గ్రీజు. వేరేదియు వద్దు.
కాగితపు గ్యాస్కెట్టు: పలుచగా గ్రీజు రాయవచ్చును.
కార్కు, హెడ్డు, పొగగొట్టపు గ్యాస్కెట్లు: పొడిగా.
బోల్టులు, క్లిప్పుల మరలు: తుప్పు రాకుండ బయట గ్రీజు, హెడ్డు బోల్టులకు పుస్తకము చెప్పినట్లు.
ప్లాస్టిక్కు నీటిగొట్టపు రింగులు: సబ్బునీరు.

గ్రామాధికారులు ఈ పట్టికను ఒక అట్టపై పెద్ద అక్షరములతో వ్రాయించి, ట్రాక్టర్లు నిలుపు చోట కట్టించిన బాగుండును. రబ్బరు బ్యాండ్ల పరీక్షను గ్రామసభలో చేసి చూపిన, చదువురానివారు కూడ చూచి నేర్చుకొందురు.

పైన చెప్పిన రైతు తన బండిని బాగుచేయించుకొని మరల బజారునకు పోవుచున్నారు. ఇప్పుడు ఆయన బండిలో స్పానర్ల సంచితోపాటు అయిదు లీటర్ల నీటి డబ్బా, ఒక అదనపు క్లిప్పు, చిన్న సీసాలో సబ్బునీరు ఉన్నవి. గ్రీజు డబ్బా కూడ ఉన్నది. దాని మూతపై ఆయనే సుద్దతో "ఇనుముకే" అని వ్రాసికొన్నారు. సుద్ద చెరిగినపుడెల్ల మరల వ్రాయుచున్నారట. మన ఇండ్లలోని గ్రీజు డబ్బాలపై కూడ ఆ ఒక్క మాట వ్రాసికొందము.